నూకలన్నం, నిమ్మగడ్డి కోడి, దొడ్డిదారిన వచ్చిన ఉప్పు

మా ఇంట్లో కోడికూర వండని ఆదివారాలు ఏడాదికి పట్టుమని పది ఉండవు. వాటిలో నాలుగు కార్తీకమాసానివే. అటువంటి ఇంట్లో కిందటి వేసవిలో మా నాన్నగారి రక్తపోటు మాత్రలు ఒకటి నుంచి రెండయ్యాయి. షుగరు అప్పటికే ఉంది. పరీక్షల కాగితాలు చూసిన డాక్టరుగారు కోడిమాంసం మానమని చెప్పలేదు. దానితోపాటు కడుపులోకి వెళ్తున్న నూనెను, ఉప్పును తగ్గించమన్నారు. నేను విజయనగరంలో ఒక కార్యాలయంలో లెక్కలు రాసుకునే ఉద్యోగిని కాబట్టి, ఆ వారమే మా ఆవిడ కూరలో పోసే నూనెను కొలిచాను. అది 90 మిల్లీలీటర్లు తేలింది. తినేది నలుగురం గనుక, మాంసం సంగతి అలా ఉంచి, ఒక్క నూనె ద్వారానే తలా 180 కాలరీలకు పైగా చేరుతున్నాయన్నమాట. నూనెను మూడో వంతుకు తగ్గించి అదే కూర వండిస్తే, మసాలా పచ్చివాసన వదలలేదు. నాన్నగారు రెండు ముద్దలు తిని మజ్జిగలోకి వెళ్ళిపోయారు. మన కోడికూరకు నూనె అలంకారం కాదు, ఉల్లిపాయనూ మసాలానూ వేయించే ఆధారమే అదని అప్పుడు అర్థమైంది. నూనె తగ్గాలంటే అసలు వండే పద్ధతే వేరుగా ఉండాలి.

ఆ పద్ధతి మా మేనల్లుడి ద్వారా ఇంటికి వచ్చింది. అతడు భోగాపురం తీరాన ఒక రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తున్నాడు. ఉద్యోగం పని మీద పదిహేను రోజులు వియత్నాం వెళ్ళి వచ్చి, తాతయ్యకు మిఠాయిలు తేవడం బాగుండదని, అర లీటరు చేపల సాసు సీసా ఒకటి తెచ్చి ఇచ్చాడు. హో చి మిన్ నగరంలో వీధి పక్కన బొగ్గుల మీద మాంసం కాల్చి, దానిని నూకలన్నం మీద పెట్టి, పక్కన కీరా దోసకాయ, పచ్చి ఆకులు, చిన్న గిన్నెలో పల్చని పులుసు ఇస్తారని చెప్పాడు. ఆ భోజనాన్ని అక్కడ 'కొమ్ తమ్' అంటారు; అంటే విరిగిన బియ్యపు అన్నమే. మిల్లులో విరిగిపోయి ధర పలకని నూకలను దక్షిణ వియత్నాం రైతులు తమ కోసం ఉంచుకొని వండుకునేవారు, ఆ తిండి తరువాత సైగాన్ (హో చి మిన్ నగరానికి పాత పేరు) వీధుల్లోకి వచ్చి నగరవాసుల భోజనమైంది. మామూలుగా దాని మీద పంది మాంసం పెడతారు గాని, నిమ్మగడ్డి దట్టించి కాల్చిన కోడి కూడా అంతే ప్రసిద్ధం.

ఈ మాట విని మా అమ్మ నవ్వింది. "మా సిన్నప్పుడు నూకలన్నం వండుకున్న రోజు సుట్టాలొస్తే గిన్నె దాసేసేవాళ్ళం. దాన్ని వాళ్ళు డబ్బులిచ్చి తింటారేటిరా!" అంది. అయినా మరునాడే మిల్లు నుంచి రెండు కిలోల నూకలు తెప్పించింది.

సాసు మూత తీయగానే మాత్రం మా ఆవిడ కిటికీ తలుపులన్నీ తెరిచింది. అమ్మ సీసాను ముక్కు దగ్గర పెట్టుకొని, ఇది ఎండు నెత్తళ్ళ వాసనేనని తేల్చేసింది. ఆమె మాట అక్షరాలా నిజం. ముక్కాం, చింతపల్లి రేవుల్లో ఇసుక మీద ఆరబోసే నెత్తళ్ళ వంటి చేపలనే అక్కడ దాదాపు మూడు పాళ్ళ చేపకు ఒక పాలు ఉప్పు చొప్పున పెద్ద చెక్క తొట్టెల్లో పొరలుగా వేసి, సుమారు ఏడాది పాటు మగ్గబెట్టి, అడుగు నుంచి ఊరి వచ్చే ఎర్రని నీటిని వడకడతారు. దానినే 'నూక్ మామ్' అంటారు. ఫు క్వాక్ దీవిలో తయారయ్యే రకానికి 2012లో ఐరోపా సమాఖ్య భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చింది. వాళ్ళ భాషలో 'నూక్' అంటే నీళ్ళట. అక్కడి నూక్‌కూ ఇక్కడి నూకకూ ఏ బంధుత్వమూ లేదు గాని, మా ఇంట్లో ఆ రెండూ ఒకే పళ్ళెంలోకి చేరాయి.

మొదటి చిక్కు కోడి దుకాణంలోనే వచ్చింది. మన దుకాణాల్లో చర్మం తీసి అమ్మడం మామూలే కనుక ఆ బాధ లేదు. కానీ ఎముక తీసిన తొడ మాంసం ఒకే రేకుగా కావాలంటే అర్థమయ్యేలా చెప్పడం కష్టం. బోన్‌లెస్ అంటే రొమ్ము ముక్క ఇస్తారు. అది మంచిదే, వండిన 100 గ్రాములలో 31 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, కొవ్వు నాలుగు గ్రాములు దాటదు. కానీ పెనం మీద ఒక్క నిమిషం ఎక్కువ ఉంచితే పీచులా ఎండిపోతుంది. తొడలో కొవ్వు దానికి రెండు మూడు రెట్లు ఉన్నా, ఆ కొవ్వు వల్లనే పైనుంచి నూనె పోయవలసిన అవసరం తప్పుతుంది. నేను "లెగ్ పీసులు నాలుగు, పూర్తిగా" అని చెప్పి డబ్బులు తీసేలోపలే కత్తి రెండు కాళ్ళ మీద పడి అవి కూరముక్కలైపోయాయి. "కూరకే కదా సార్" అన్నాడతడు నిర్దోషిగా. ఆ ముక్కలను కూడా కొని ఇంటికి పంపి, మరో నాలుగు కాళ్ళు చేతిలో పట్టుకొని వచ్చాను.

ఎముక తీయడం అనుకున్నంత కష్టం కాదు. కాలును లోపలి వైపు పైకి వచ్చేలా పలక మీద పరిచి, తొడ ఎముక ఎక్కడుందో వేలితో తడిమి చూసి, చిన్న కత్తి మొనతో ఆ ఎముక వెంట పై నుంచి కీలు దాకా ఒక గీత గీయాలి. తరువాత కోయడం ఉండదు, గీకడమే. కత్తి అంచు ఎముకకు ఆనుకొని ఉంటే మాంసం దానంతట అదే విడుస్తూ వస్తుంది. కీలు దగ్గర మాత్రం తెల్లని నరాలు గట్టిగా పట్టుకొని ఉంటాయి. వాటిని తెంచి, కింది కాలి ఎముకను కూడా అదే విధంగా విడదీస్తే అరచేయంత రేకు మిగులుతుంది. పసుపు పచ్చని కొవ్వు గడ్డలు తీసేసి, మందంగా ఉన్నచోట మధ్యకు చీల్చి పరిస్తే అంతటా ఒకే మందం వస్తుంది. నాలుగు కాళ్ళకు ఎముకలు పోగా 650 గ్రాముల మాంసం వచ్చింది. మొదటి కాలికి పావుగంట, నాలుగో కాలికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ గర్వంలో అదే పలక మీద కీరా ముక్కలు తరగబోతే మా ఆవిడ పలక లాక్కుంది. పచ్చిమాంసం తగిలిన చోట పచ్చిగా తినే కాయ తరగకూడదన్న జ్ఞానం నాకు ఉండవలసింది. తరిగిన రెండు ముక్కలూ చెత్తబుట్టలోకి వెళ్ళాయి, పలక వేడినీళ్ళ కిందికి వెళ్ళింది.

నిమ్మగడ్డి పక్కింటివారి కుండీలోది. మన పెరళ్ళలో టీలోకి వాడే గడ్డి చాలావరకు ఆకు ఎక్కువ, కాడ తక్కువ ఉన్న రకం. నూనె తీయడానికి పెంచే కొచ్చిన్ నిమ్మగడ్డి కూడా అటువంటిదే. వియత్నాం వంటలో వాడే రకానికి మొదలు వేలంత లావుగా, తెల్లగా, ఉల్లికాడ గడ్డలా ఉంటుంది. అందువల్ల అక్కడివారు నాలుగు కాడలు వాడేచోట నాకు పద్నాలుగు కాడలు కావలసి వచ్చాయి. నేలకు తగిలేలా కోసి, కింది మూడు అంగుళాలే ఉంచి, పైన ముదురు పొరలు రెండు మూడు ఒలిచేస్తే లోపల లేత భాగం పెన్సిలు కన్నా సన్నగా మిగులుతుంది. దానిని మొదటిసారి మిక్సీలో వేశాను. అది నలగలేదు, పీచు పీచుగా విడిపోయింది. ఆ పీచు నాన్నగారి కట్టుడు పళ్ళ కిందికి చేరి ఆ రాత్రి ఆయనను పెట్టిన బాధ ఇక్కడ వర్ణించను. తరువాతి వారం నుంచి గుండ్రటి బిళ్ళలుగా, కాగితమంత పల్చగా అడ్డంగా తరిగి, ఆపై రోట్లో దంచుతున్నాను. అడ్డంగా కోసినప్పుడు పీచు పొడవు పోతుంది. దంచినప్పుడు వాసన వస్తుంది. రెండూ అవసరమే.

దంచిన నిమ్మగడ్డి మూడు పెద్ద చెంచాలు, వెల్లుల్లి రెబ్బలు ఐదు, సాంబారు ఉల్లిపాయలు ఆరు, అర చెంచా మిరియాల పొడి, ఒక చెంచా బెల్లం తురుము, ఒక చెంచా వేరుశనగ నూనె, చేపల సాసు కలిపి మాంసానికి పట్టించి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాను. మొదటిసారి ఇందులో సాసు మూడు పెద్ద చెంచాలు పోశాను. చేయి ఊరుకోక, కోడికి ఉప్పు వేయకపోవడమేమిటని ఒక చెంచా ఉప్పు కూడా కలిపాను. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి.

నూకలన్నం బాధ్యత అమ్మ తీసుకుంది. కుక్కరులో పెడితే నూకలు జావ అవుతాయని, కడిగి అరగంట నానబెట్టి, ఆవిరి కుడుముకు కట్టినట్టు గిన్నె మూతికి తడిగుడ్డ వాసెన కట్టి, దాని మీద నూకలు పల్చగా పరిచి మూత పెట్టింది. కింద మరిగే నీళ్ళలో నేను వదిలేసిన నిమ్మగడ్డి ఆకులను ముడివేసి పడేసింది. మధ్యలో ఒకసారి చేత్తో నీళ్ళు చిలకరించి, మొత్తం ఇరవై ఐదు నిమిషాలకు దింపితే, ఏ పలుకుకు ఆ పలుకు విడివిడిగా, తడిలేని అన్నం వచ్చింది. కొమ్ తమ్ వండేవారు కూడా నూకలను ఆవిరి మీదే ఉడికిస్తారని మేనల్లుడు ఫోనులో చెప్పేసరికి, అమ్మ ముఖంలో ఆ విషయం తనకు ముందే తెలిసినంత ధీమా కనిపించింది. అయితే నూకలు షుగరుకు మంచివని ఎవరూ అనుకోకూడదు. పాలిష్ పట్టిన బియ్యం విరిగినా బియ్యమే. అందుకని నాన్నగారికి ఒక చిన్న గిన్నెకు మించి పెట్టలేదు, పళ్ళెంలో సగం భాగం కూరగాయలకే వదిలాము.

ఆ కూరగాయల పని చిన్నదే. క్యారెట్, ముల్లంగి అగ్గిపుల్లల్లా తరిగి వెనిగర్, నీళ్ళు, చిటికెడు పంచదార కలిపిన దానిలో గంటసేపు వేశాను. పెసర మొలకలను అరనిమిషం మరిగే నీళ్ళలో ముంచి తీశాను, ఎందుకంటే మొలకెత్తే తేమలో సూక్ష్మజీవులు కూడా పెరుగుతాయి. పుదీనా, కొత్తిమీర ఉన్నాయి. అక్కడ వాడే మరో ఆకు తులసి జాతిది. నేను పెరట్లోకి వెళ్ళబోతుంటే, "తులసమ్మను తెంపి కోడి పక్కన పెడతావట్రా?" అని అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. ఆ గండం సబ్జా మొక్కతో గట్టెక్కింది. మనం గింజలు నానబెట్టుకొని తాగే సబ్జా, వాళ్ళు వాడే ఆకు ఒకే జాతి మొక్కలు. వాసనలో సోంపు ఛాయ కొంచెం తక్కువే గాని, తులసమ్మ జోలికి వెళ్ళే పని తప్పింది.

కాల్చడానికి బొగ్గులు లేవు, ఇనుప అట్ల పెనం ఉంది. మొదటిసారి మంట పెద్దది పెట్టాను. బెల్లం నల్లబడి పైన మాడింది, కోసి చూస్తే మందంగా ఉన్నచోట లోపల ఇంకా గులాబి రంగు. నిమ్మగడ్డి తురుము కూడా మాంసం కన్నా ముందే మాడుతుంది గనుక, ఇప్పుడు పెనం మీద వేసేముందు దానిని వేళ్ళతో తుడిచేస్తున్నాను. రెండు గంటల్లో దాని వాసన ఎలాగూ మాంసానికి పట్టి ఉంటుంది. పెనం బాగా కాలాక రెండు చెంచాల నూనె రాసి, మంట మధ్యస్థంగా తగ్గించి, ఒక్కో వైపు ఏడేసి నిమిషాలు కదపకుండా ఉంచాలి. వంటలో వాడే చిన్న ఉష్ణమాపిని తరువాత కొన్నాను, మాంసం నడిమధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ చూపిస్తే దింపేస్తాను. దింపాక ఐదు నిమిషాలు ఆగి కోస్తేనే రసం పలక మీదికి కారిపోకుండా ఉంటుంది. ఈ వంట మొత్తానికి పోసిన నూనె మూడు చిన్న చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు. 90 నుంచి 15కు వచ్చామని మొదటి రాత్రి నేను పొంగిపోయాను.

ఇక పక్కన పెట్టే పులుసు. చేపల సాసు, నిమ్మరసం, పంచదార, నీళ్ళు, నలిపిన వెల్లుల్లి, సన్నగా తరిగిన పచ్చిమిరప కలిపిన దానిని 'నూక్ చామ్' అంటారు. ముక్కను అందులో అద్దుకొని తినాలి, అన్నం మీద ఒకటి రెండు చెంచాలు చిలకరించుకోవాలి. నేను నాలుగు పెద్ద చెంచాల సాసుతో నలుగురికీ కలిపి, నాలుగు గిన్నెల్లో పోసి పెట్టాను. నాన్నగారు పళ్ళెం చూసి, "ఇందులో కలుపుకోడానికేదిరా?" అన్నారు. గిన్నె చూపించాను. ఆయన దానిని చారు అనుకున్నారు. గిన్నె మొత్తం అన్నంలో వంపుకొని, కలిపి, ముద్ద నోట్లో పెట్టుకొని, బాగుందన్నారు. అది చాలక మా ఆవిడ గిన్నెలో మిగిలినది కూడా పోయించుకున్నారు. ఆయన ఇష్టంగా తింటుంటే ఆపే ధైర్యం నాకు లేకపోయింది. పైగా అందులో నూనె లేదు కదా అనుకున్నాను.

ఆ రాత్రి ఆయన మూడుసార్లు మంచినీళ్ళకు లేచారు. పొద్దున బీపీ మెషిన్ 152 చూపించింది. ముందు వారమంతా 136, 140 మధ్య ఉండేది. ఒక్క పూట కొలతతో తీర్పు చెప్పకూడదని నాకూ తెలుసు. రక్తపోటు నిద్ర చాలకపోయినా పెరుగుతుంది. అయితే మా ఆవిడ మాట్లాడకుండా సాసు సీసా తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద, 15 మిల్లీలీటర్లకు 1,400 మిల్లీగ్రాముల సోడియం అని ఉంది.

సోడియాన్ని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు లెక్క వస్తుంది. అంటే ఆ సాసు ఒక పెద్ద చెంచా పోస్తే మూడున్నర గ్రాముల ఉప్పు పోసినట్టు. నేను పట్టించడానికి మూడు, పులుసుకు నాలుగు, మొత్తం ఏడు చెంచాలు పోశాను. అది 24 గ్రాములకు పైమాట. చేతి దురద కొద్దీ వేసిన ఉప్పు చెంచా మరో ఐదు గ్రాములు. నలుగురికి పంచితే తలా ఏడు గ్రాములు దాటింది. పెద్దవారికి రోజు మొత్తానికి ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాన్నగారు రెండో గిన్నె కూడా పోయించుకున్నారు గనుక ఆయన వాటా ఎంతో వేయడానికి చేయి రాలేదు. నూనెను వీధి గుమ్మం నుంచి గెంటేసి, ఉప్పును దొడ్డిదారిన లోపలికి పిలిచాను. నూనె కంటికి కనబడుతుంది, కూర మీద తేలుతుంది. సాసులోని ఉప్పు పులుపు, తీపి వెనక దాక్కుంటుంది, నాలుక దానిని పట్టదు.

రెండో వారం ఉప్పు డబ్బాను అలమారలో పైకి చేర్చి, సాసును మూడు చెంచాలకు కుదించాను. రుచి కొంత చప్పబడిందని అందరూ అన్నారు. మూడో వారం పట్టించడానికి ఒకటి, పులుసుకు ఒకటిన్నర, మొత్తం రెండున్నర చెంచాలు మాత్రమే వాడి, లోటు వేరేవాటితో పూడ్చాను. పులుసులో నిమ్మరసం పెంచాను. నీళ్ళకు బదులు కొబ్బరి నీళ్ళు పోశాను. దక్షిణ వియత్నాంలో అలా కలపడం ఉన్నదే, దానివల్ల పంచదార కూడా దాదాపు అవసరం ఉండదు. అయితే ఉద్దానం నుంచి మూత్రపిండాల జబ్బుతో ఉన్న మా బంధువు ఒకరు భోజనానికి వచ్చిన రోజున మాత్రం కొబ్బరి నీళ్ళు పోయలేదు, వాటిలోని పొటాషియం ఆయనకు పడదు. వెనిగర్ ముక్కల్లో ఉప్పు లేకుండా చేశాను. ఉల్లికాడలను చెంచాడు వేడి నూనెలో చుర్రుమనిపించి కోడి మీద పోసి, వేయించి కచ్చాపచ్చాగా దంచిన వేరుశనగ పిక్కలు పైన చల్లాను. ఆశ్చర్యంగా, ఈ పిక్కలే ఎక్కువ పని చేశాయి. నమిలేకొద్దీ రుచి వస్తుంటే నోరు ఉప్పును అడగడం తగ్గింది. తలా ఉప్పు రెండు గ్రాముల చిల్లరకు దిగింది.

నాన్నగారి చారు అలవాటుకు మాత్రం వేరే ఉపాయం కావలసి వచ్చింది. కోడి ఎముకలను పారేయకుండా అల్లం, మిరియాలు, ఒక అనాస పువ్వు వేసి గంటసేపు మరిగించి, పైన తేలిన కొవ్వు తీసేసి, ఉప్పు వేయకుండా గిన్నెడు పోశాను. ఆయన అన్నంలో అది కలుపుకుంటారు. నూక్ చామ్ ఆయన పళ్ళెం పక్కన ఉగ్గుగిన్నెలో, చెంచాతో ఉంటుంది. మొదట్లో, "నాకు ఉగ్గు పెడతన్నావేటిరా" అని విసుక్కున్నారు గాని, ఇప్పుడు ముక్కను అందులో ముంచి, గిన్నె అంచుకు రాసి, బొట్టు కింద పడకుండా తింటున్నారు.

ఈ నెలాఖరున సీసా లెక్క చూశాను. మొదటి రాత్రి 105 మిల్లీలీటర్లు, రెండోసారి 45, ఆ తరువాత ఐదు ఆదివారాలకు 187, వెరసి 337 పోగా, 500 మిల్లీలీటర్ల సీసాలో 160కి కాస్త పైన మిగలాలి. కొలపాత్రలో వంచితే 95 వచ్చింది. రెండుసార్లు కొలిచినా అంతే. అమ్మను అడిగితే ఏమీ దాచలేదు. ఇంట్లో ఎండు నెత్తళ్ళు అయిపోయాయని, వంకాయ కూరలోకి ఇది రెండు గరిటెలు వేస్తే అచ్చం అదే రుచి వచ్చిందని, అప్పటినుంచి అప్పుడప్పుడూ వేస్తున్నానని చెప్పింది. కూరలో ఉప్పు కూడా వేశావా అని అడిగాను.

"ఉప్పెయ్యకపోతే కూరెలా అవుతాదిరా?" అంది.